‘లేస్తాను’ దగ్గర చీలే దారి: తెలుగు పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం సందర్భంలో నేర్పడం

(ఉన్నత పాఠశాలల ఇంగ్లీషు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ అందరికీ బాగా తెలిసిన ఒక వాక్యంతో మొదలుపెడతాను. ఏడో తరగతిలో ‘మై డైలీ రొటీన్’ గురించి రాయమంటే నోటుబుక్కుల్లో ఏం వస్తుంది? ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్. ఐ విల్ బ్రష్ మై టీత్. ఐ విల్ గో టు స్కూల్ బై బస్.’

ఇది రాసిన పిల్లవాడికే ‘ద సన్’ తర్వాత ఖాళీ వదిలి ‘ఇన్ ది ఈస్ట్’ అని ఇవ్వండి, ‘రైజెస్’ అని నింపేస్తాడు. సింపుల్ ప్రెజెంట్ ఎప్పుడు వాడతారని అడగండి, ‘హాబిచువల్ యాక్షన్స్, యూనివర్సల్ ట్రూత్స్’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అంటే సూత్రం వచ్చు, రూపమూ వచ్చు. మరి సొంతంగా రాసేటప్పుడు ‘విల్’ ఎక్కడినుంచి వచ్చి పడింది?

మన భాషలోంచే వచ్చింది. ‘రోజూ ఆరింటికి లేస్తాను’ అంటాం, ‘రేపు ఆరింటికి లేస్తాను’ అనీ అంటాం. క్రియ ఒక్కటే. మన పాత వ్యాకరణాలు భవిష్యత్తునూ, అలవాటుగా జరిగేదాన్ని చెప్పే తద్ధర్మాన్నీ వేరువేరుగా చెప్పాయి గానీ, ఇవాళ మనం మాట్లాడే తెలుగులో ‘లేస్తాను’ ఒక్కటే రెండు పనులూ చేస్తోంది. పిల్లవాడి మనసులో మొదట ‘లేస్తాను’ పుడుతుంది. దానికి ఇంగ్లీషు వెతికితే ముందు చేతికి దొరికేది ‘విల్’. అది అజాగ్రత్త కాదు. తెలుగు తర్కం ప్రకారం చాలా పద్ధతిగా చేసిన తప్పు.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పిల్లలకు చాలావరకు తక్కువైనది రూపం కాదు, రెండు రూపాల మధ్య ఎంచుకునే అలవాటు. తెలుగులో ఒకటే దారి ఉన్నచోట ఇంగ్లీషులో దారి రెండుగా చీలుతుంది. సందర్భంలో వ్యాకరణం చెప్పడమంటే పిల్లవాణ్ణి సరిగ్గా ఆ చీలిక దగ్గర నిలబెట్టి, అర్థాన్ని బట్టి దారి ఎంచుకునేలా చేయడం. ఆ ఎంపిక అవసరం లేని సందర్భం ఎంత అందంగా ఉన్నా పాఠానికి పనికిరాదు.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, ‘గ్రామర్ ఇన్ కాంటెక్స్ట్’ పేరుతో మన గైడ్లలో, వర్క్‌బుక్కుల్లో వచ్చేవాటిలో చాలావరకు సందర్భం కాదు. ఒక చిన్న పేరా ఉంటుంది, దానికో శీర్షిక. ప్రతి వాక్యంలో ఒక ఖాళీ, పక్కనే బ్రాకెట్లో క్రియ. పైన ‘ఫిల్ ఇన్ ద బ్లాంక్స్ విత్ పాస్ట్ టెన్స్’ అని రాసి ఉంటుంది. టెన్స్ ఏదో పైనే చెప్పేశాక ఆ పేరా చదవాల్సిన పనేముంది? మీరే పరీక్షించి చూడండి. పేరాలో వాక్యాల వరస తారుమారు చేయండి. అప్పుడు కూడా పిల్లలు అవే జవాబులు రాయగలిగితే అక్కడ సందర్భం లేదన్నమాట, విడి వాక్యాలను ఒక గళ్లో పేర్చారంతే.

రెండో పరీక్ష కాలాన్ని చెప్పే మాటలకు. ‘ఎవ్రీ డే’, ‘యెస్టర్‌డే’, ‘నౌ’, ‘టుమారో’ మీద చెయ్యి అడ్డం పెట్టండి. అప్పుడు జవాబు చెప్పలేకపోతే పిల్లవాడు క్రియను చూడటం లేదు, ఆ మాటను చూస్తున్నాడు. ‘యెస్టర్‌డే కనబడితే ఈడీ తగిలించు’ అన్న అలవాటు బిట్ పేపర్లో మార్కులు తెస్తుంది, సొంతంగా నాలుగు వాక్యాలు మాట్లాడాల్సి వచ్చినప్పుడు పక్కనే ‘యెస్టర్‌డే’ ఉండదు.

ఇక ఒక పాఠాన్ని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. 45 నిమిషాల పీరియడు, 40 మంది పిల్లలు అనుకుందాం. చీలిక ఈ ‘లేస్తాను’ దగ్గరిదే. సందర్భం హాస్టలు. రోజూ ఎలా గడుస్తుందో ఒక పేరా, రేపు జనవరి 26 కాబట్టి ఏమేం మారతాయో ఇంకో పేరా. రెండూ కలిపి 90 మాటలు దాటనివ్వకండి. ‘వి గెట్ అప్ ఎట్ ఫైవ్. వి వేర్ బ్లూ షర్ట్స్. వి ప్లే కబడ్డీ ఇన్ ది ఈవెనింగ్.’ రెండో పేరాలో ‘టుమారో ఈజ్ రిపబ్లిక్ డే’ అన్న మొదటి వాక్యంలోనే ‘టుమారో’ రావాలి, ఆ తర్వాత మళ్లీ రాకూడదు. ‘వి విల్ గెట్ అప్ ఎట్ ఫోర్. వి విల్ వేర్ వైట్ షర్ట్స్.’

ఇక్కడ రెండు జాగ్రత్తలు. కర్తలన్నీ ‘వి’ లేదా ‘దే’ అయ్యేలా చూడండి. ‘ద బెల్ రింగ్స్’ లాంటి వాక్యం పెడితే పిల్లల దృష్టి ‘ఎస్’ మీదకు పోతుంది. ఒక పాఠంలో ఒక చీలిక చాలు. రెండో జాగ్రత్త, ఈ పాఠానికి బస్సు వేళలు, రైలు వేళలు సందర్భంగా తీసుకోవద్దు. చాలామంది చేసే పొరపాటు ఇది. ఇంగ్లీషులో టైం టేబులు ప్రకారం జరిగేవాటికి రేపటి సంగతైనా ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అనడమే మామూలు. మీరు చెప్పబోయే తేడాను మీరు తెచ్చిన ఉదాహరణే కొట్టేస్తుంది.

మొదటి 5 నిమిషాలు అర్థం కోసం చదవడమే. ‘రేపు ఎన్నింటికి లేవాలి? చొక్కా ఏ రంగు?’ అంతే, వ్యాకరణం ఊసు వద్దు. అర్థం తెలియని పాఠంలో వ్యాకరణం వెతకమంటే చీకట్లో సూది వెతకమన్నట్టే. తర్వాత 8 నిమిషాలు కాగితపు చీటీలు. నలుగురికి ఒక కట్ట, అంటే 10 కట్టలు, ఒక్కో కట్టలో 10 చీటీలు. బల్ల మీద ‘రోజూ’, ‘రేపు’ అని తెలుగులోనే రెండు గళ్లు గీసి చీటీలు సర్దమనండి. ఆరు చీటీలు పేరాల్లో ఉన్న వాక్యాలు. అసలు పాఠం మిగతా నాలుగింటిలో ఉంది. అవి పేరాల్లో లేని వాక్యాలు. ‘వి ఈట్ ఉప్మా.’ ‘వి విల్ ఈట్ పూరీ.’ ‘వి విల్ సింగ్ ఇన్ ద హాల్.’ ‘వి వాటర్ ద ప్లాంట్స్.’ పూరీ రోజూ పెడతారా, రేపు పెడతారా? పేరాలో లేదు, ‘టుమారో’ కూడా లేదు. క్రియను చూడకుండా చెప్పడానికి వేరే దారే లేదు. పిల్లల కళ్లు మొదటిసారి ‘విల్’ మీద ఆగేది అక్కడ.

ఆ తర్వాత 7 నిమిషాలు గమనించిందాన్ని మాటల్లో పెట్టడానికి. ‘ఈ గడిలో అన్నింటిలోనూ ఉన్నదేమిటి, ఆ గడిలో లేనిదేమిటి?’ అని అడగండి. జవాబు తెలుగులో వస్తుంది. రానివ్వండి. ‘మనం రెంటికీ లేస్తాం అంటాం, వాళ్లు వేరేగా అంటారు’ అని ఒక పిల్ల అనగలిగితే, అచ్చులో ఉన్న ఏ సూత్రం కన్నా అది మేలు. అప్పుడు బోర్డు మీద ‘లేస్తాం’ అని ఒక్కసారి రాసి, కింద రెండు బాణాలు గీయండి. ఒకటి ‘గెట్ అప్’ వైపుకు, ఇంకొకటి ‘విల్ గెట్ అప్’ వైపుకు. ఆ బొమ్మ పీరియడు అయ్యేదాకా చెరపకండి.

తర్వాతి 12 నిమిషాలు జంటల్లో మాట్లాడటం. ఒకరి కార్డులో రోజువారీ వేళలు మాత్రమే ఉంటాయి, రేపటివి ఖాళీ. రెండోవారి కార్డు దానికి తలకిందులు. అడిగి తెలుసుకుని నింపాలి. మొదటి రెండు ప్రశ్నలు బోర్డు మీద పెట్టండి: ‘వాట్ టైమ్ డు యు గెట్ అప్?’ ‘వాట్ టైమ్ విల్ యు గెట్ అప్ టుమారో?’ అవి రెండుసార్లు నడిచాక చెరిపేయండి. ఇక్కడ పని చెడేది ఎలాగో కూడా చెబుతాను. పిల్లలు కార్డులు ఒకరిదొకరు చూసి కాపీ కొట్టేస్తారు. పుస్తకాల సంచి మధ్యలో నిలబెడితే సరిపోదు, వీపు వీపు ఆనించి కూర్చోబెట్టండి. గోల అవుతుందనుకుంటే సగం జంటలు మాట్లాడుతుండగా మిగతా సగం రాతపని చేసుకోవచ్చు.

ఆపైన 8 నిమిషాలు రాయడం. ఆరు వాక్యాలు, సొంత ఇంటి గురించి. మూడు రోజూ జరిగేవి, మూడు రాబోయే పండక్కి చేసేవి. చివరి 5 నిమిషాలు దిద్దుబాటు. తొలి పాఠంతోనే ‘డైలీ ఐ విల్’ పోతుందని అనుకోకండి. రెండు వారాల తర్వాత వేరే సందర్భంలో, అంటే పొలం పనులో అమ్మ దుకాణమో తీసుకుని, ఇదే చీలికను మళ్లీ తేవాలి. నెల తర్వాత ఇంకోసారి.

ఇది ఇంగ్లీషు పీరియడుకే పరిమితమైన సంగతి కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు కదా. సైన్సు పుస్తకంలో తెలుగు వైపు ‘నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది’ అని ఉంటుంది. ఇంగ్లీషు పేజీ మూసి ఆ వాక్యం చెప్పమంటే చాలామంది నోట ‘వాటర్ విల్ బాయిల్’ వస్తుంది. ‘మరుగుతుంది’ కూడా ‘లేస్తాను’ లాంటిదే మరి. వారానికి ఒకసారి సైన్సు పుస్తకంలోంచి ఇలాంటి వాక్యాలు మూడు తీసుకోండి. పిల్లలు చెప్పాక ఎదురు పేజీతో పోల్చుకోమనండి. 10 నిమిషాల పని, ఖర్చు లేదు, సైన్సు మాస్టారికి కూడా ఉపకారమే.

రెండో చీలిక ‘తెచ్చాను’. పూలు ఇప్పుడు ఇంట్లో ఉన్నాయన్నా ‘తెచ్చాను’, పొద్దున పదింటికి తెచ్చిన సంగతి చెప్పినా ‘తెచ్చాను’. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ హావ్ బ్రాట్’, రెండోది ‘ఐ బ్రాట్’. ‘జస్ట్, ఆల్రెడీ, యెట్ వస్తే ప్రెజెంట్ పర్‌ఫెక్ట్’ అని చెప్పి వదిలేయడం వల్లనే ‘ఐ హావ్ సీన్ దట్ మూవీ యెస్టర్‌డే’ పుట్టుకొస్తోంది. ‘ఆల్రెడీ’ లేదు కాబట్టి తప్పని పిల్లవాడికి తోచదు, సినిమా చూడటం అయిపోయింది కాబట్టి ఒప్పే అనుకుంటాడు.

దీనికి పెళ్లింటి కంటే మంచి సందర్భం నాకు కనబడలేదు. పెళ్లి రేపు. పెద్దాయన చేతిలో పనుల చీటీ ఉంది. ‘హావ్ యు బ్రాట్ ద ఫ్లవర్స్?’ ‘యెస్, ఐ హావ్.’ ‘వెన్ డిడ్ యు బ్రింగ్ దెమ్?’ ‘ఐ బ్రాట్ దెమ్ ఎట్ టెన్.’ ‘హావ్ దే క్లీన్డ్ ద హాల్?’ ‘నో, దే హావెంట్.’ పని అయిందా లేదా అన్నది తేలేవరకు ‘హావ్’. ఎప్పుడు అన్న ప్రశ్న రాగానే ‘హావ్’ తప్పుకుని ‘డిడ్’ వస్తుంది. నాలుగు మాటల్లో మలుపు తిరిగిపోతుంది, అదీ అర్థం వల్ల తిరుగుతుంది. పిల్లలకు చెప్పడానికి నేను వాడే మాట ఇది: చీటీ మీద టిక్కు కావాలంటే ‘హావ్’, గడియారం కావాలంటే ‘డిడ్’.

క్రియల ఎంపికలో ఒక మెలకువ. మొదటి పాఠంలో రెండో రూపం, మూడో రూపం ఒకటే అయిన క్రియలు తీసుకోండి. బ్రింగ్, బై, క్లీన్, కుక్, ఇన్వైట్. ‘హావ్’ ఉండటం లేకపోవడం ఒక్కటే తేడాగా కనబడుతుంది. ‘గో, వెంట్, గాన్’, ‘సీ, సా, సీన్’ రెండో పాఠానికి. ‘పుట్’, ‘కట్’ మొదట్లో అసలు వద్దు. మూడు రూపాలూ ఒకటే కావడంతో పిల్లలకు ఏ రూపం వాడుతున్నామో తెలియదు.

తెలుగులో ఒక ఆసరా ఉంది, వాడుకోవచ్చు. ‘తలుపు తీశారు’ అనడానికీ, ‘తలుపు తీసి ఉంది’ అనడానికీ తేడా పిల్లలకు నోటితోనే తెలుసు. రెండోది వినగానే ఇప్పటి స్థితి కనబడుతుంది. ‘హావ్’ వాక్యం కూడా ఇప్పటి స్థితినే చూపిస్తుందని చెప్పడానికి ఈ పోలిక పనికొస్తుంది. చూపించి ఊరుకోండి, వాక్యానికి వాక్యం సరిపెట్టకండి. ‘తీసి ఉంది’కి ఇంగ్లీషులో ‘ఈజ్ ఓపెన్’ కూడా ఒక జవాబే, అక్కడ మళ్లీ తికమక మొదలవుతుంది.

మూడోది ‘నుంచి’. ఇదొక్కటే ఇంగ్లీషులో మూడు ముక్కలవుతుంది. ‘సోమవారం నుంచి శుక్రవారం వరకు’ అంటే ‘ఫ్రమ్’. ‘సోమవారం నుంచి జ్వరం’ అంటే ‘సిన్స్’. ‘మూడు రోజుల నుంచి జ్వరం’ అంటే ‘ఫర్’. పైగా మనం ‘మూడు రోజుల నుంచి బాధపడుతున్నాను’ అని వర్తమానంలోనే అంటాం. అందుకే ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్’. ఒక్క వాక్యంలో రెండు చోట్ల తెలుగు పనిచేసింది, మాటలో ఒకచోట, క్రియలో ఒకచోట.

సందర్భం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోగి చీటీ. ఒకరు డాక్టరు, ఒకరు రోగి. చీటీలో రెండు రకాల సమాచారం ఉండాలి. కొందరికి మొదలైన రోజు: ఆదివారం. కొందరికి గడిచిన రోజుల లెక్క: 3 రోజులు. ‘హౌ లాంగ్ హావ్ యు హ్యాడ్ ఫీవర్?’ ‘సిన్స్ సండే.’ లేదా ‘ఫర్ త్రీ డేస్.’ తర్వాత డాక్టరు క్యాలెండరు చూసి రెండో రకంలోకి మార్చి రాసుకోవాలి: ఆదివారం నుంచి అంటే ఇవాళ్టికి ఎన్ని రోజులు? ఆ మార్పిడి పెట్టడం ముఖ్యం. ఒక్కో పిల్లకు ఒకే రకం చీటీ ఇస్తే ఆ పిల్ల ‘సిన్స్’ ఒక్కటే పది సార్లు వల్లిస్తుంది, ఎంచుకోదు. జవాబులు మొదట రెండు మాటల్లో చాలు. నిండు వాక్యం ‘ఐ హావ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ మరుసటి రోజుకు. అప్పుడే లీవ్ లెటర్ రాయించండి. గైడులోంచి బట్టీ కొట్టిన లీవ్ లెటర్ కాకుండా, ఆ చీటీలో ఉన్న రోగి తరఫున.

నాలుగోది ‘అని’. ఇక్కడ మనం వెచ్చించే పీరియడ్లకూ పిల్లలకు దక్కేదానికీ పొంతన లేదు. డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్‌లోకి మార్చే కసరత్తులు వందలకొద్దీ చేయిస్తాం. కానీ అసలు ప్రమాదం ఎక్కడుందో చూడండి. ‘రవి వస్తానన్నాడు.’ ఎవరు వస్తారు? రవి. కానీ ‘వస్తాను’లో ఉన్నది ‘నేను’. మన ‘అని’ లోపల మాట్లాడినవాడి మాట చెక్కుచెదరకుండా ఉంటుంది. పిల్లవాడు దాన్నే ఇంగ్లీషులో పెడితే ‘రవి సెడ్ దట్ ఐ విల్ కమ్’. విన్నవాడికి రవి రావడం లేదు, చెప్పిన పిల్లవాడు వస్తున్నాడు. ‘విల్’ బదులు ‘వుడ్’ రాయకపోతే అర్థం చెడదు, ‘హి’ బదులు ‘ఐ’ అంటే మనిషే మారిపోతాడు. అయినా మన ఎర్ర సిరా ‘వుడ్’ మీదే ఎక్కువ పడుతుంది.

కాబట్టి వరస మార్చండి. మొదట సర్వనామం, చాలా తర్వాత టెన్స్. తెలుగులోనే మొదలుపెట్టవచ్చు: ‘రవి వస్తానన్నాడు’, ‘రవి వస్తాడన్నాడు’. రెండు వాక్యాలకీ తేడా అడిగితే రెండోదాంట్లో ఆ మాట అన్నది ఇంకెవరో కావచ్చని, లేదా రవి వేరేవాడి గురించి అన్నాడని పిల్లలు ఠక్కున చెబుతారు. ఎవరు ఎవరి గురించి అన్నారన్న తెలివిడి వాళ్లకు ఉంది. దాన్ని ఇంగ్లీషులో సర్వనామంతో చూపించాలన్నదే కొత్త. సందర్భంగా ఫోన్ కబురు పెట్టండి. ముగ్గురు పిల్లలు. మొదటివాడు, అంటే రవి, రెండోవాడి చెవిలో కబురు చెబుతాడు: ‘టెల్ లక్ష్మి ఐ విల్ బ్రింగ్ హర్ బుక్ టుమారో.’ రెండోవాడు లక్ష్మికి చెప్పాలి: ‘రవి సెడ్ హి విల్ బ్రింగ్ యువర్ బుక్ టుమారో.’ లక్ష్మి ఏంచేయాలో చేసి చూపించాలి, పుస్తకం ఎవరు తెస్తారో వేలితో చూపించాలి. తప్పు సర్వనామం పడితే తప్పు మనిషి వైపు వేలు వెళుతుంది, తప్పు దొరికిపోతుంది. ఇంకా జరగాల్సిన సంగతి కాబట్టి ఇక్కడ ‘విల్’ ఉన్నా ఇంగ్లీషులో చెల్లుతుంది, దాన్ని కొట్టేయకండి.

ఆర్టికల్స్ గురించి కొద్దిగా. ‘తెలుగులో ఆర్టికల్స్ లేవు’ అని చేతులెత్తేస్తాం. ఉన్నది చూద్దాం. ‘అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. కథ చెప్పే పద్ధతిలో ‘ఎ’, ‘ద’ తేడా మన పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిందే. అందుకే ఆర్టికల్స్‌ని కథలోనే మొదలుపెట్టండి, ‘యాన్ అంబ్రెల్లా, ఎ యూనివర్సిటీ’తో వద్దు. ఆసరా ఎక్కడ తెగుతుందో కూడా తెలిసి ఉండాలి. ‘అమ్మ వంటింట్లోకి వెళ్లింది’ అన్నప్పుడు మనం ‘ఆ వంటింట్లోకి’ అనం, ఇంగ్లీషులో ‘ద కిచెన్’ కావాలి. ఇల్లు, బడి, ఊరు లాంటి చోట్ల ఉండేవి ఏవో ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి ‘ద’. దానికి బడి పటం ఒకటి గీయించి ‘వేర్ ఈజ్ ద కిచెన్?’ ‘వేర్ ఈజ్ ద గేట్?’ అని దారి అడిగే పాఠం సరిపోతుంది. ‘కదా’ నుంచి ప్రతి వాక్యం చివరా వచ్చే ‘ఈజింట్ ఇట్’ గురించి ఎక్కువ బెంగ పెట్టుకోవద్దు, దానివల్ల అర్థం చెడదు, పై తరగతుల్లో చూసుకోవచ్చు.

ఇప్పుడు పెద్ద ప్రశ్న. అసలు వ్యాకరణం ప్రత్యేకంగా చెప్పాలా, పనులు చేయిస్తుంటే దానంతటదే వస్తుందా? ఈ ప్రశ్నను గట్టిగా పరీక్షించినవాళ్లలో ఇంగ్లీషు బోధన నిపుణుడు ప్రొఫెసర్ ఎన్.ఎస్. ప్రభు ముందుంటారు. 1979 నుంచి 1984 వరకు దక్షిణ భారతంలోని కొన్ని పాఠశాలల్లో ఆయన నడిపినదాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. అక్కడ వ్యాకరణ క్రమం పెట్టుకోలేదు. రైలు వేళలు, పటాలు, లెక్కలు ఇచ్చి పిల్లల చేత ఆలోచింపజేశారు. దృష్టి అర్థం మీద ఉంటే రూపం వెనకాలే పట్టుబడుతుందన్నది ఆ ఆలోచన. తెలియనిది అడిగి నింపే ఇన్ఫర్మేషన్ గ్యాప్, ఉన్న సమాచారంతో ఆలోచించి తేల్చే రీజనింగ్ గ్యాప్, సొంత అభిప్రాయం చెప్పే ఒపీనియన్ గ్యాప్ అన్న విభజన మనకు ఆయన ఇచ్చిందే. ఇందాక చెప్పిన రోగి చీటీలో క్యాలెండరు లెక్క రీజనింగ్ గ్యాపే. మన నేల మీద, మామూలు పిల్లలతో జరిగిన పని అది. మన శిక్షణల్లో దాని ఊసు ఇంకా ఎక్కువ రావాలి.

అయితే ఒక విషయంలో నేను అంతదూరం వెళ్లను. రోజుకు ఒక్క పీరియడు తప్ప ఇంగ్లీషు చెవిన పడని పిల్లలకు, ‘లేస్తాను’ లాంటి చీలిక దానంతటదే కనబడటానికి చాలా ఏళ్లు పడుతుంది. అర్థం చేరిపోతోంది కదా, ఇక రూపం వైపు చూడాల్సిన అవసరం పిల్లవాడికి రాదు. పని మధ్యలో ఒక్కచోట ఆగి రూపం వైపు చూపించాలి. భాషలు నేర్చుకునే తీరును పరిశోధించిన మైకేల్ లాంగ్ 1991లో ‘ఫోకస్ ఆన్ ఫామ్’ అన్న మాటతో చెప్పిందీ ఇలాంటిదే, అర్థంతో నడిచే పాఠంలో అవసరమైనప్పుడు కాసేపు రూపం మీద దృష్టి. హాస్టలు పాఠంలో ఆ 7 నిమిషాలు అందుకే పెట్టాను.

ఈ దృష్టి రప్పించడానికి మంచి సాధనం ఇంకొకటి డిక్టోగ్లాస్. పేరు చూసి భయపడకండి, చాలా తేలిక. 50 నుంచి 60 మాటల పేరా. మామూలు వేగంతో రెండుసార్లు చదువుతారు. మొదటిసారి పెన్ను కింద పెట్టి వినాలి, రెండోసారి ముఖ్యమైన మాటలు రాసుకోవచ్చు. తర్వాత నలుగురు కలిసి ఆ పేరాను తిరిగి కట్టాలి. మాటలు గుర్తుంటాయి, మధ్యలో ‘హావ్’, ‘విల్’, ‘ద’ జారిపోయి ఉంటాయి. వాటి గురించి వాదులాట మొదలవుతుంది, అదే పాఠం. చివర అసలు పేరాతో పోల్చుకుంటారు. చెడేది మూడు రకాలుగా. పేరా పొడుగైతే పిల్లలు వదిలేస్తారు. మాటమాటకూ ఆగుతూ నిదానంగా చదివితే అది మామూలు డిక్టేషన్ అయిపోతుంది. అన్నిటికంటే ఎక్కువగా, గుంపులో బాగా వచ్చిన ఒక్క పిల్ల అంతా రాసేస్తుంది. మందు ఒకటే, పెన్ను తక్కువ వచ్చినవాడి చేతికివ్వండి. మిగతా ముగ్గురూ చెప్పాలే గానీ రాయకూడదు.

దిద్దుబాటు గురించి. పిల్లవాడు ‘ఐ విల్ గో డైలీ’ అంటే మనం ‘ఓహ్, యు గో డైలీ, గుడ్’ అని మన నోట సరిచేసి వెళ్లిపోతాం. దీన్ని రీకాస్ట్ అంటారు. 1997లో రాయ్ లిస్టర్, లీలా రాంటా అనే పరిశోధకులు కెనడాలో ఫ్రెంచి మాధ్యమ తరగతులను పరిశీలిస్తే, ఉపాధ్యాయుల దిద్దుబాట్లలో సగానికి పైగా రీకాస్టులే, పిల్లలు తిరిగి స్పందించింది కూడా వాటికే అతి తక్కువ. కారణం ఊహించవచ్చు. మెచ్చుకున్నారని పిల్లవాడు అనుకున్నాడు, సరిదిద్దారని తెలియలేదు. అందుకని పిల్లవాడి నోటినుంచే సరైన మాట రప్పించండి. ‘రోజూనా? రేపా?’ అని రెండు మాటలు అడిగి బోర్డు మీది బాణాల వైపు చెయ్యి చూపితే చాలు. రాతలో అయితే ఆ రోజు పాఠంలోని చీలిక ఒక్కదానికే మార్జిన్‌లో చిన్న బాణం గుర్తు పెట్టండి, జవాబు రాయకండి. మిగతా తప్పులు ఆ రోజుకు వదిలేయండి. 40 నోటుబుక్కుల్లో అన్ని తప్పులూ దిద్దితే మీకు రెండు గంటలు, పిల్లవాడికి పేజీ నిండా ఎరుపు. అందులో ఏది ముఖ్యమో వాడికి తెలియదు.

ఒక ప్రశ్న వచ్చింది, చదువుతాను. ‘పదో తరగతి పరీక్షలో ఖాళీలూ, పేరాలో తప్పులు దిద్దే ఎడిటింగూ ఉంటాయి కదా, ఇలా చెబితే మార్కులు ఎలా వస్తాయి?’

న్యాయమైన ప్రశ్న. ఎడిటింగ్‌ని మీరు వదలక్కర్లేదు, దాన్ని చేయించే తీరు మార్చండి. తప్పు దిద్దాక పిల్లవాడు పేరాలోంచి ఒక ఆధారం కింద గీత గీయాలి. ‘ఇక్కడ పాస్ట్ టెన్స్ అని నీకు చెప్పింది పేరాలో ఏ మాట?’ అని అడగాలి. ఆ ఆధారం ఒక్కోసారి రెండు వాక్యాల పైన ఉంటుంది. అది వెతకడం అలవాటైతే పరీక్షలో ఊహించి రాయడం తగ్గుతుంది. దిద్దుబాటుకు సగం మార్కు, ఆధారానికి సగం మార్కు అని మీ యూనిట్ టెస్టుల్లో పెట్టి చూడండి. ఎడిటింగ్ పేరాలు కూడా గైడులోంచి తేనక్కర్లేదు. గత వారం మీ పిల్లలే రాసినవాటిలోంచి ‘డైలీ ఐ విల్’, ‘సిన్స్ త్రీ డేస్’, ‘రవి సెడ్ దట్ ఐ’ ఉన్న వాక్యాలు పేర్లు లేకుండా తీసి, ఐదారు వాక్యాల పేరాగా కట్టండి. రేపటి తరగతికి ఆ పేరా ఒక్కటి చాలు.